గోడ కట్టి చూపించమని అడగని ఇంటర్వ్యూ

పోయిన శుక్రవారం రూంలో బట్టలు ఉతుక్కుంటుంటే బిడ్డ ఫోన్ చేసింది. "బాపూ" అన్న ఒక్క మాటకే అర్థమైంది, ఇంటర్వ్యూ పోయిందని. కరీంనగర్ దగ్గర కాలేజీలో బీటెక్ ఆఖరి సంవత్సరం. రాత పరీక్ష పాసైంది, మొదటి రౌండ్ పాసైంది. రెండో రౌండ్‌లో కంప్యూటర్ తెర మీద ఎవరో ఒకాయన కూర్చుని "బైనరీ ట్రీని తిరగెయ్యి" అన్నడట. చెయ్యి వణికింది, బుర్ర ఆగిపోయింది, ఇరవై నిమిషాల్లో అయిపోయింది.

ఇదే పిల్ల పోయిన సంవత్సరం మా ఊరి పాల కేంద్రానికి ఫోన్‌లో లెక్కలు రాసుకునే యాప్ చేసి ఇచ్చింది. ఎవరు ఎన్ని లీటర్లు పోసిండ్రు, వెన్న శాతం ఎంత, పది రోజులకు ఎంత బిల్లు, అన్నీ అందులోనే. ఇప్పటికీ వాడుతున్నరు. "దాని గురించి అడగలేదా బిడ్డా?" అంటే, "ఒక్క మాట కూడా అడగలేదు బాపూ" అన్నది. తర్వాత కాసేపు ఊకున్నది. "నువ్వు గల్ఫ్‌కు పోయేటప్పుడు నిన్నేం అడిగిండ్రు?" అన్నది.

నన్నేం అడుగుతరు? 2005లో హైదరాబాద్‌లో ట్రేడ్ టెస్ట్. ఒక ఖాళీ జాగా, ఇటుకల కుప్ప, కలిపి పెట్టిన మాలు. చేతిలో తాపీ, గుండు, దారం. గంటలో ఒక మూల గోడ లేపమన్నరు. లేపిన. ఒక మలయాళీ ఇంజినీర్ వచ్చి గుండు వేలాడదీసి చూసిండు, రసమట్టం పెట్టి చూసిండు, మూల దగ్గర మూలమట్టం ఆనించి చూసిండు. "పాస్" అని నా పాస్‌పోర్ట్ జిరాక్స్ మీద రాసిండు. నేను పది చదివిన్నా, ఎనిమిది చదివిన్నా ఆయన అడగలేదు. మేస్త్రి పనికి తీసుకుంటున్నరు, మేస్త్రి పనే చేయించి చూసిండ్రు.

మరి సాఫ్ట్‌వేర్ వాళ్లు ఇట్లా ఎందుకు చెయ్యరు? పని చేసి పెట్టిన పిల్లను వదిలేసి పొడుపుకథ ఎందుకు వేస్తరు? ఇది నన్ను పట్టుకుంది. సిమెంట్ చరిత్ర, లిఫ్టుల చరిత్ర రాసిన పోస్టులు చదివిన మిత్రులకు తెలుసు, ఒకటి పట్టుకుంటే నాకు నిద్ర పట్టదు. వారం రోజులు డ్యూటీ అయినంక ఇదే పని. తెలిసింది రాస్తున్న. పోస్టు పెద్దగైతది, ఓపిక ఉన్నోళ్లు చదవండి.

మొదలు 1945 దగ్గరికి పోవాలె. అమెరికాలో ఫిలడెల్ఫియా పట్నంలో ఎనియాక్ అని ఒక యంత్రం కట్టిండ్రు. దాదాపు 18,000 వాక్యూమ్ ట్యూబులు, 30 టన్నుల బరువు. పేల్చిన ఫిరంగి గుండు ఎక్కడ పడుతదో లెక్క కట్టేందుకు సైన్యం కోసం కట్టిన యంత్రం. అప్పటిదాకా ఆ లెక్కలు చేతితో వేసేది ఆడపిల్లలు. వాళ్ల ఉద్యోగం పేరే "కంప్యూటర్". యంత్రానికి ఆ పేరు వాళ్ల నుంచే వచ్చింది. యంత్రం తయారైనంక దాన్ని నడిపేందుకు ఆ పిల్లల్లోంచే ఆరుగురిని తీసుకున్నరు. కొన్ని ప్రోగ్రామింగ్ చరిత్రలు వీళ్ల దగ్గర్నుంచే మొదలైతయి.

అందులో ఒకామె జీన్ జెన్నింగ్స్. మిజోరి రాష్ట్రంలో వ్యవసాయం చేసుకునే ఇంటి పిల్ల, లెక్కలు చదివింది. ఆమెను ఇంటర్వ్యూ చేసినాయన హెర్మన్ గోల్డ్‌స్టైన్, సైన్యంలో అధికారి. ఆయన అడిగిందేంటంటే, విద్యుత్తు గురించి నీ అభిప్రాయం ఏంది అని. ఆమె కాలేజీలో ఫిజిక్స్ చదివిన, ఓమ్ నియమం తెలుసు అని చెప్పబోయింది. అది కాదు, కరెంటంటే నీకు భయమా అని అడిగిండు ఆయన. భయం లేదన్నది. కొలువు వచ్చింది.

ఈ ముచ్చట చదివి రూంలో ఒక్కణ్నే నవ్వుకున్న. ఎందుకంటే అది అచ్చం మా ట్రేడ్ టెస్ట్ లాంటి ప్రశ్న. ఆ యంత్రంలో ప్రోగ్రాం రాయడమంటే కూర్చుని టైపు కొట్టడం కాదు. బారెడు బారెడు తీగలు ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు గుచ్చాలె, వందల స్విచ్చులు తిప్పాలె. కరెంటుకు భయపడే మనిషి ఆ పని చెయ్యలేరు. ఎత్తంటే భయపడేటోణ్ని మనం స్కాఫోల్డింగ్ ఎక్కిస్తమా? అడగాల్సిన ప్రశ్నే అడిగిండు ఆయన.

తర్వాత ఆ ఆరుగురికి చేతిపుస్తకం లేదు, నేర్పే గురువు లేడు. మొదట్ల యంత్రం ఉన్న గదిలోకి పోనిచ్చే అనుమతి కూడా లేదు. సర్క్యూట్ బొమ్మలు ముందర పెట్టుకుని, కట్టిన ఇంజినీర్లను అడిగి అడిగి నేర్చుకున్నరు. డ్రాయింగ్ చూసి బిల్డింగ్‌ను మనసులో నిలబెట్టుకోవడం ఎంత కష్టమో సైట్ల మీద పనిచేసే మనకు తెలుసు. 1946 ఫిబ్రవరిలో యంత్రాన్ని లోకానికి చూపించిన రోజు జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్ కలిసి రాసిన ప్రోగ్రామే నడిచింది. ఆ రాత్రి పెద్దలందరికీ విందు చేసిండ్రు. ఈ పిల్లల్ని పిలవలేదు. బిల్డింగ్ ప్రారంభం రోజు మేస్త్రీలను గేటు బయట నిలబెట్టినట్టు.

పదేండ్లు గడిచేసరికి కథ మారింది. ఒక్క యంత్రం కాస్త వందలైనయి. బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీలు, సైన్యం, అందరికీ కంప్యూటర్లు కావాలె, నడిపే మనుషులు లేరు. కాలేజీల్లో ఆ చదువే లేదు. సర్టిఫికెట్ అడుగుదామంటే సర్టిఫికెట్ ఇచ్చేటోళ్లు లేరు, అనుభవం అడుగుదామంటే అనుభవం ఉన్నోళ్లు లేరు. మన దగ్గర మేస్త్రి దొరక్కపోతే ఏం చేస్తం? కూలీల్లో చురుకైన పిల్లగాణ్ని చూసి తాపీ చేతికిస్తం. వాళ్లూ అదే చేయాల్సి వచ్చింది. కానీ ఎవడు చురుకైనోడో ఎట్లా తెలవాలె?

దానికి ఐబీఎం కంపెనీ 1955లో ఒక పరీక్ష తయారు చేసింది. ప్రోగ్రామర్ ఆప్టిట్యూడ్ టెస్ట్ అని పేరు. ఒక వరుస ఇచ్చి తర్వాత వచ్చేది ఏది, బొమ్మల మీద ప్రశ్నలు, కొన్ని లెక్కలు. ఇంతే. ఇప్పుడు మన పిల్లలు రాసే ప్లేస్‌మెంట్ పరీక్షల్లో రీజనింగ్ అంటరు చూడండి, దాని తాత ఇదే. 1967 ఒక్క సంవత్సరంలోనే ఏడు లక్షల మందికి పైగా ఈ పరీక్ష రాసిండ్రట.

ప్రోగ్రామింగ్ అంటే చదరంగం లాంటి పని అని కూడా అప్పుడు గట్టిగా నమ్మిండ్రు. 1950ల్లో ఐబీఎం ప్రకటన చూసి వచ్చి చేరినోళ్లలో పేరున్న చెస్ ఛాంపియన్ ఆర్థర్ బిస్‌గైర్ కూడా ఉన్నడు. తప్పేం లేదు, తెలివైనోడే కదా. కానీ అసలు ముచ్చట ఇక్కడుంది. ఈ పరీక్షలో మంచి మార్కులొచ్చినోళ్లు పనిలో కూడా బాగా చేసిండ్రా అని కొందరు తర్వాత లెక్క తీసిండ్రు. శిక్షణ క్లాసులో వచ్చే మార్కులకు, ఈ మార్కులకు సంబంధం కనిపించింది. పనిలోకి దిగినంక సూపర్‌వైజర్లు ఇచ్చిన మార్కులకు మాత్రం సంబంధం పెద్దగా కనిపించలేదు. అంటే పరీక్ష బాగా రాసేటోళ్లు ఇంకో పరీక్ష బాగా రాస్తరు అని తేలింది. అయినా పరీక్ష ఆగలేదు. ఆపితే దాని జాగాలో ఏం పెట్టాలె? వందల మంది దరఖాస్తులు టేబుల్ మీద పడి ఉంటే మేనేజర్‌కు ఏదో ఒక జల్లెడ కావాలె. ఇసుక జల్లెడే దొరికితే దాంతోనే బియ్యం జల్లిస్తడు.

1966లో ఇంకోటి జరిగింది. నా బిడ్డ కోసం చదువుతున్న గాబట్టి కావచ్చు, నాకు బాగా కోపం తెప్పించింది ఇదే. విలియం కానన్, డాలిస్ పెర్రీ అని ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1,378 మంది ప్రోగ్రామర్లను ప్రశ్నలడిగి, ఈ పనిలో సంతోషంగా ఉండే మనిషి ఎట్లా ఉంటడో తేల్చే కొలబద్ద తయారు చేసిండ్రు. ఆ 1,378 మందిలో ఆడవాళ్లు 186 మందే. వాళ్లు తేల్చింది రెండు మాటలు. ఒకటి, పొడుపుకథలంటే ఇష్టం ఉంటది. రెండు, మనుషులంటే ఇష్టం ఉండదు. కొందరు ఈ కొలబద్ద పట్టుకుని మనుషుల్ని ఎంచుకోవడం మొదలుపెట్టిండ్రు. నలుగురితో కలవని మగపిల్లగాడే ప్రోగ్రామర్ అని ఒక బొమ్మ తయారైంది. ఇరవై ఏండ్ల కింద ఆరుగురు ఆడపిల్లలు ఒకరినొకరు అడుక్కుంటూ, కాగితాలు పంచుకుంటూ మొదలుపెట్టిన పని ఇది. ఉన్నోళ్లను కొలిచి, వచ్చేటోళ్లు కూడా గట్లనే ఉండాలె అన్నరు. మన సైట్ మీద ఉన్న మేస్త్రీలందరినీ కొలిచి, మీసం ఉంటేనే గోడ కడతడు అని రాసినట్టుంది.

పొడుపుకథల సంగతి ఇక్కడ చెప్పాలె. ట్రాన్సిస్టర్ కనిపెట్టిన ముగ్గురిలో ఒకడైన విలియం షాక్లీ తన కంపెనీలోకి వచ్చేటోళ్లకు చేతిలో గడియారం పట్టుకుని చిక్కుప్రశ్నలు వేసేటోడు. అది సాఫ్ట్‌వేర్ కంపెనీ కాదు గానీ, సిలికాన్ వ్యాలీకి ఈ అలవాటు అక్కణ్నుంచే అంటింది అంటరు. 1957లో జిమ్ గిబ్బన్స్ అనే కుర్రాణ్ని అడిగింది ఇది: 127 మంది ఆడే టెన్నిస్ పోటీ, ఓడినోడు ఇంటికి పోతడు, మొత్తం ఎన్ని ఆటలు జరుగుతయి? మీరూ ఒక నిమిషం ఆలోచించండి. ఒక్కో ఆటలో ఒక్కడు ఓడుతడు. గెలిచేది ఒక్కడే, ఓడాల్సింది 126 మంది. కాబట్టి 126 ఆటలు. గిబ్బన్స్ క్షణంలో చెప్పేసిండు. అంత తొందరగా చెప్పినందుకు షాక్లీకి చిరాకు వచ్చిందట! అంత తెలివైనోళ్లను ఏరి పెట్టుకున్న ఆ పెద్దమనిషితో పని చెయ్యలేక అదే సంవత్సరం ఎనిమిది మంది ఒక్కసారే రాజీనామా చేసి పోయిండ్రు. మనుషులతో ఎట్లా మెలగాలె అనే పరీక్ష ఆయనకు ఎవరూ పెట్టలేదు.

తర్వాత మైక్రోసాఫ్ట్ ఈ అలవాటును దేశమంతా పాకించింది. అందరికీ తెలిసిన ప్రశ్న, మ్యాన్‌హోల్ మూత గుండ్రంగా ఎందుకుంటది? వాళ్లకు నచ్చే జవాబు, గుండ్రటి మూత ఎటు తిప్పినా లోపల పడదు, చతురస్రమైతే ఐమూలగా పడిపోతది. జవాబు తప్పని నేనను. కానీ ఇరవై ఏండ్లుగా మ్యాన్‌హోళ్లు వేయిస్తున్న మనిషిగా ఒక మాట. ఇక్కడ దోహాలో టెలిఫోన్ కేబుళ్ల గుంతలకు చతురస్రం మూతలే వేస్తం, ఎన్నో వేయించిన. గుండ్రంగా ఉండడానికి కింద గొయ్యి గుండ్రంగా ఉండడం కూడా కారణమే. చుట్టూ మట్టి నెట్టే బరువును గుండ్రటి గోడ బాగా మోస్తది. అంత బరువు మూతను ఒక్క మనిషి దొర్లించుకుంటూ పోవచ్చు. ఎటు తిప్పి పెట్టినా సరిగ్గా కూర్చుంటది. నన్ను ఆ ఇంటర్వ్యూకు పిలిస్తే నేను పాసయ్యేటోణ్నో ఫెయిలయ్యేటోణ్నో! గుంతలో ఎన్నడూ దిగనోడు గుంత గురించి అడిగే ప్రశ్న అది.

2004లో గూగుల్ ఇంకో అడుగు ముందుకేసింది. కాలిఫోర్నియాలో పెద్ద రోడ్డు పక్కన హోర్డింగ్ పెట్టింది. కంపెనీ పేరు లేదు. లెక్కల్లో 'ఈ' అనే సంఖ్య ఉంటది, దాని అంకెల్లో వరుసగా వచ్చే మొదటి పది అంకెల ప్రధాన సంఖ్య ఏది, దాన్ని వెబ్‌సైట్ అడ్రస్‌గా కొట్టండి అని రాసింది. విప్పినోడికి ఇంకో ప్రశ్న, అదీ విప్పితే దరఖాస్తు పంపమని పిలుపు. చూడడానికి ముచ్చటగానే ఉంది. తొమ్మిదేండ్లకు, 2013లో, అదే గూగుల్‌లో మనుషుల్ని తీసుకునే శాఖ పెద్ద లాస్లో బాక్ పత్రిక వాళ్లతో బహిరంగంగా ఒప్పుకున్నడు. వేల ఇంటర్వ్యూల లెక్క తీసి చూసినమనీ, చిక్కుప్రశ్నలు వట్టి టైం దండగ అనీ, అవి అడిగేటోడికి నేను తెలివైనోణ్ని అనే సంతోషం ఇవ్వడానికి తప్ప ఎందుకూ పనికిరావనీ ఆయన అన్న మాటల సారం. పెద్ద కంపెనీల్లో తప్పు ఒప్పుకునేటోళ్లు తక్కువ, ఆయనకు దండం.

పొడుపుకథలు పోతే ఏం వచ్చింది? బోర్డు. గోడ మీద తెల్ల బోర్డు, చేతిలో మార్కర్, "ప్రోగ్రాం రాయి". ఇది కొంత నయమే. కనీసం తాపీ పట్టమన్నరు. 2007లో ఇమ్రాన్ ఘోరీ అనే ఆయన ఒక చిన్న ప్రశ్న గురించి రాసిండు. 1 నుంచి 100 దాకా అంకెలు రాయాలె, 3తో భాగించబడితే ఒక మాట, 5తో భాగించబడితే ఇంకో మాట, రెండింటితోనూ ఐతే రెండు మాటలు. ఇంత చిన్నది కూడా డిగ్రీలున్నోళ్లు చాలా మంది రాయలేకపోతున్నరు అన్నడు. ఇది నేను నమ్ముత. మా దగ్గరికి కూడా "మేస్త్రి" అని వీసా కొట్టించుకుని వచ్చి ఇటుక ఎటు పెట్టాలో తెలియనోళ్లు వస్తరు. అలాంటోళ్లను ఆపేందుకు ఐదు నిమిషాల పరీక్ష ఉండాల్సిందే.

కానీ అది ఐదు నిమిషాల దగ్గర ఆగలేదు. 2008లో గేల్ లాక్‌మన్ మెక్‌డోవెల్ ఇంటర్వ్యూ ప్రశ్నలతో ఒక పుస్తకం వేసింది, అది పిల్లలందరి టేబుళ్ల మీదికి చేరింది. తర్వాత లీట్‌కోడ్ లాంటి సైట్లు వచ్చినయి, వేల ప్రశ్నలు. పిల్లలు ప్రశ్నలు బట్టీ పడితే కంపెనీలు కష్టమైనవి అడిగినయి, కంపెనీలు కష్టమైనవి అడిగితే పిల్లలు ఇంకో ఆరు నెలలు కూర్చున్నరు. నా బిడ్డ ఫెయిలైన ప్రశ్నకు కూడా ఒక చరిత్ర ఉంది. బైనరీ ట్రీ అంటే వంశవృక్షం లాంటిది, ఒక్కొక్కరికి ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలుండరు. దాన్ని తిరగెయ్యడమంటే ప్రతి చోటా కుడి వైపు పిల్లను ఎడమకు, ఎడమ వైపు పిల్లను కుడికి మార్చడం. 2015లో మాక్స్ హోవెల్ అనే ఆయన గూగుల్ ఇంటర్వ్యూలో పోయిండు. ఆయన తయారు చేసిన హోమ్‌బ్రూ అనే సాఫ్ట్‌వేర్‌ను ఆ కంపెనీ ఇంజినీర్లే వాడుతరు. మీ వాళ్లు నా పనిముట్టు వాడుతున్నరు గానీ, బోర్డు మీద చెట్టు తిరగెయ్యలేదని నన్ను వద్దన్నరు అని ట్విటర్‌లో రాస్తే లోకమంతా గోల గోల అయింది. ఇది బిడ్డకు చెప్పిన. "అంటే నేను పెద్దోళ్ల లైన్ల ఉన్న బాపూ" అని నవ్వింది. ఆ రోజు మొదటిసారి నవ్వింది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఇక్కడ కథ వేరు. అమెరికాలో మనుషులు దొరక్క పరీక్ష పెట్టిండ్రు. మన దగ్గర మనుషులు ఎక్కువై పెట్టిండ్రు.

టీసీఎస్ 1968లో మొదలైంది, ఇన్ఫోసిస్ 1981లో, మన హైదరాబాద్‌లో సత్యం 1987లో. ఈ కంపెనీలకు కాలేజీల్లో కంప్యూటర్ చదివినోళ్లు సరిపోలేదు. మెకానికల్, సివిల్, ఎలక్ట్రికల్, ఎవరైనా సరే, తీసుకుని మేమే నేర్పుకుంటం అన్నయి. నేర్చుకునే బుర్ర ఉందా లేదా అదొక్కటే చూడాలె. అందుకే ఇక్కడ కూడా పజిళ్లొచ్చినయి. ఇన్ఫోసిస్ రాత పరీక్ష కోసం శకుంతలా దేవి పజిళ్ల పుస్తకం పట్టుకుని హాస్టళ్లలో పిల్లలు తెల్లార్లూ కూర్చునేటోళ్లు. సివిల్ చదివిన పిల్లలందరూ అటే పోయిండ్రు. సైట్ల మీద మంచి సివిల్ ఇంజినీర్ దొరకక మేము పడే బాధ ఇంకో పోస్టులో రాస్త.

1990లో అమెరికా కొత్త చట్టం చేసి హెచ్-1బీ వీసా పెట్టింది. సంవత్సరానికి 65,000. తర్వాత 2000 సంవత్సరం గండం వచ్చింది. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాసిండ్రు, 99 తర్వాత 00 వస్తే యంత్రం 1900 అనుకుంటదని భయం. కోట్ల వరుసల పాత ప్రోగ్రాములు దిద్దాలె, మనుషులు కావాలె. వీసాలు 1,15,000కు పెంచిండ్రు, ఆ తర్వాత మూడేండ్లు 1,95,000. 1998 నవంబర్‌లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచిండ్రు. అదే కాలంలో అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ బోర్డులే బోర్డులు. కోబాల్, మెయిన్‌ఫ్రేమ్, ఒరాకిల్, జావా. మా ఊరి దగ్గరోడు ఒకడు ఎమ్మెస్సీ బాటనీ చదివి, మూడు నెలలు అక్కడ కోర్సు చేసి అమెరికా పోయిండు. ఇప్పుడు అక్కడ ఇల్లు కట్టుకున్నడు, మంచి పనిమంతుడు. అమీర్‌పేట అంటే నవ్వేటోళ్లకు ఇది చెప్పాలె. ఇంగ్లిష్ మీడియం, పెద్ద కాలేజీ లేని పిల్లలకు ఇంకో తలుపు లేదు. ఆ తలుపు అక్కడ తెరిచి ఉంది. జిరాక్స్ షాపులో నోట్సు, గదికి ఆరుగురు, కర్రీ పాయింట్‌లో పప్పు.

అప్పటి ఇంటర్వ్యూలు ఫోన్‌లో. అమెరికాలో పగలైతే మనకు రాత్రి. హైదరాబాద్ గదిలో అర్ధరాత్రి కుర్చీలో కూర్చుని, ఆ ఇంగ్లిష్ ఉచ్చారణ అర్థం చేసుకుని జవాబు చెప్పాలె. అందులోనే దొంగ దారి పుట్టింది. ఒకడి పేరు మీద ఇంకొకడు మాట్లాడుడు. ప్రాక్సీ అంటరు. దీన్ని నేను తిట్టను, మెచ్చను, ఎందుకంటే నా కళ్లముందే ట్రేడ్ టెస్ట్‌లో ఒకడి పేరు మీద ఇంకొకడు గోడ కట్టిండు. ఏజెంటుకు పైసలు ముట్టినయి, ఇంజినీర్ చూసీ చూడనట్టు పోయిండు. పాపం ఆ పిల్లగాడు ఇక్కడికొచ్చినంక ఇటుక పట్టలేక, మేస్త్రి వీసా మీద హెల్పర్ జీతానికి రెండేండ్లు మోసిండు. మా పరీక్ష ఏదో చాలా గొప్పదని నేను అనడం లేదు. దానికీ చీకటి మూలలున్నయి.

2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చినంక మన రాష్ట్రంలో వందల ఇంజినీరింగ్ కాలేజీలు, లక్షల పిల్లలు. నా బిడ్డ చదివేది కూడా దాని పుణ్యమే, మర్చిపోను. కానీ వెయ్యి పోస్టులకు లక్ష మంది వస్తే కంపెనీ ఏం చేస్తది? ఒక్కొక్కరితో గోడ కట్టించి చూసే ఓపిక ఎవరికుంది? టెన్త్, ఇంటర్, బీటెక్, మూడింట్లో 60 శాతం ఉండాలె అని మొదటి గీత. బ్యాక్‌లాగ్ ఉండొద్దని రెండోది. ఆమ్‌క్యాట్, ఈలిట్మస్ లాంటి పరీక్షలు మూడోది. తర్వాత గ్రూప్ డిస్కషన్, ఇంగ్లిష్. ఇవన్నీ దాటినంకనే నీ పని ఏందని అడిగే మనిషి కనిపిస్తడు, కనిపిస్తే. పదో తరగతిలో జ్వరం వచ్చి 58 శాతం తెచ్చుకున్న పిల్ల ఏడేండ్ల తర్వాత ప్రోగ్రాం ఎట్లా రాస్తదో ఆ గీతకు ఏం తెలుసు?

కంపెనీల వైపు నుంచి కూడా ఆలోచించిన, ఎందుకంటే నేనూ ఇప్పుడు మనుషుల్ని తీసుకునే వైపే ఉన్న. నా పని సులువు. గోడకు గుండు వేలాడదీస్తే వంకర నిమిషంలో తెలుస్తది. ప్రోగ్రాం వంకర రెండేండ్ల తర్వాత, లక్ష మంది వాడుతున్నప్పుడు బయటపడుతది. గంటలో దానికి గుండు ఎట్లా వెయ్యాలె? కొన్ని కంపెనీలు "ఇంటికి తీసుకుపోయి చేసుకురా" అని నిజమైన పనిలాంటిది ఇస్తున్నయి. దాని మీదా గొడవే, జీతం లేకుండా నాలుగు రోజులు పని చేయించుకుంటున్నరని. అదీ నిజమే. మా ట్రేడ్ టెస్ట్ గోడను సాయంత్రం పడగొట్టి అవే ఇటుకలతో రేపటోడితో మళ్లీ కట్టిస్తరు. వాళ్ల పని అట్లా పడగొట్టేది కాదు.

ఒక్క లెక్క మాత్రం నన్ను వదలడం లేదు. 2020లో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ, మైక్రోసాఫ్ట్ వాళ్లు కలిసి 48 మంది విద్యార్థులకు ఒకే రకం ప్రశ్న ఇచ్చిండ్రు. కొందరు బోర్డు దగ్గర, ఎదురుగా ఒక మనిషి చూస్తుండగా, ఆలోచన పైకి చెప్తూ చెయ్యాలె. మిగతావాళ్లు గదిలో ఒక్కరే కూర్చుని చెయ్యాలె. ఎదురుగా మనిషి కూర్చున్నోళ్ల పని సగానికి పడిపోయింది. మనిషి చూస్తుండగా చేసిన ఆడపిల్లల్లో ఒక్కరూ పాస్ కాలేదు. ఒంటరిగా చేసిన ఆడపిల్లలందరూ పాసైండ్రు. 48 మంది అంటే చిన్న లెక్కే, దాని మీద పెద్ద మాటలు కట్టకూడదని నాకూ తెలుసు. కానీ అదే ప్రశ్న, అలాంటి బుర్రలే.

ఇది చదివి రాత్రి పదకొండింటికి, ఇండియాలో ఒకటిన్నర, బిడ్డకు వాయిస్ మెసేజ్ పెట్టిన. పొద్దున జవాబు వచ్చింది. "అది నిజమే కావచ్చు బాపూ, కానీ కంపెనీ వాళ్లకు నేను ఆ లెక్క చూపిస్తే కొలువు ఇస్తరా?" అన్నది. దానికి నా దగ్గర జవాబు లేదు. కొంచెం సేపటికి ఇంకో మెసేజ్. హాస్టల్‌లో తన దోస్తును ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆమె ఊరికే చూస్తుంటే గోడ మీద చార్టు అంటించి ప్రోగ్రాం రాస్తున్నదట. రోజూ రెండు ప్రశ్నలు. దోస్తుది కూడా ఇదే బాధ, ఒక రోజు ఈమె కూర్చుంటది, ఒక రోజు ఆమె.

మీ పిల్లలు, తమ్ముళ్లు ఈ ఇంటర్వ్యూలు చేసినోళ్లుంటే వాళ్లను ఏం అడిగిండ్రో కింద రాయండి. పని చేయించి చూసి తీసుకున్న కంపెనీ ఒక్కటైనా ఉంటే అదీ రాయండి, బిడ్డకు పంపుత. వచ్చే బుధవారం ఆమెకు ఇంకో కంపెనీలో రెండో రౌండ్ ఉంది. పాల కేంద్రం యాప్‌ను బయోడేటాలో మొదటి వరుసకు మార్చింది. నాకు పొద్దున నాలుగున్నరకు బస్సు, రేపు ఏడో అంతస్తు స్లాబు. ఉంటా.